శబ్దం ఒకటి, పనిచేయు స్థితిలో

ప్రభుత్వ ఆఫీసులో ఒక వస్తువు ఉందా లేదా అన్నది కళ్లతో చూసి చెప్పేది కాదు. స్టాకు రిజిస్టరు చూసి చెప్పాలి. రిజిస్టరులో ఉంటే ఉన్నట్టు. లేకపోతే, మీరు దాని మీద కూర్చుని ఉన్నా సరే, లేనట్టు. ఇంతవరకు నేను పదిహేడేళ్ల సర్వీసులో నేర్చుకున్నాను. ఒకసారి రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు మరి లేకుండా పోవడానికి వీల్లేదన్న సంగతి మాత్రం మొన్న వేసవిలో మా ఆఫీసు పైకప్పు నేర్పింది.

నా పేరు పేడాడ సింహాచలం. ప్రాంతీయ ఖాళీ ఫారాల సరఫరా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. మిగతా ఆఫీసులకి కావలసిన ఖాళీ ఫారాలు మేమే పంపుతాం. మా దగ్గర ఫారాలు కావాలంటే ముందు ఒక ఫారం నింపాలి. ఆ ఫారం కూడా మా దగ్గరే దొరుకుతుంది. దానికోసం మళ్లీ ఇంకో ఫారం నింపక్కర్లేదు, మేం అంత దుర్మార్గులం కాదు.

ఆఫీసు రాయలసీమలో ఒక ఊళ్లో ఉంది. మా ఆవిడ హైమావతి శ్రీకాకుళం అవతల ఒక పల్లెలో టీచరు. మా ఇద్దరికీ మధ్య రెండు రైళ్లు, ఒక బస్సు, ఒక ఆటో. మా పాప మోక్షితకి మూడేళ్లు. దాని లెక్కలో నాన్నంటే ఫోన్లో ఉండే మనిషి. భార్యాభర్తల్ని ఒకచోట ఉంచే కేటగిరీలో బదిలీ కోసం నేను అది పుట్టిన దగ్గర్నుంచీ అర్జీలు పెడుతూనే ఉన్నాను. ఆ అర్జీ ఫారం కూడా మా ఆఫీసుదే. కాబట్టి ఫారాలకి మాత్రం ఏనాడూ కొరత రాలేదు.

ఇక కప్పు సంగతి. పెద్దవాళ్లెవరో ఏదో చలి దేశానికి అధ్యయన యాత్రకి వెళ్లొచ్చారు. అక్కడ ఇళ్ల మీద రెండు రేకుల మధ్య నురగలాంటి సరుకు గట్టిగా కూరిన పలకలు వేస్తారట. చలి లోపలికి రాదట. చలి రానిది ఎండ మాత్రం ఎలా వస్తుందన్నారు. మంచి ఆలోచనే, తప్పు పట్టను. 'శీతల కప్పు ఉద్యమం' అని పేరు పెట్టి, మా పాత మంగుళూరు పెంకులు పీకేసి, కార్తీకమాసంలో నీలం రంగు పలకలు బిగించారు. ఆఫీసు చల్లబడింది. అబద్ధమాడితే కళ్లు పోతాయి, నిజంగానే చల్లబడింది.

శివరాత్రి వెళ్లిన మర్నాడు, పొద్దున్న పది నలభైకి, సరిగ్గా నా తలమీద "టప్" మంది.

టెంకాయ బండకేసి కొట్టినట్టుంది ఆ చప్పుడు. నా చేతిలో రబ్బరు ముద్ర జారి సొంత చొక్కా మీద 'అందినది' అని పడింది. అటెండరు ఎర్రిస్వామి బల్ల కిందికి దూరాడు. "ఎవురో పైన దూకినారు సార్! చూడండి సార్ మీరే, నాకు పిల్లలుండారు!" అని అక్కడినుంచే అరిచాడు. నిచ్చెన వేసుకుని నేనే ఎక్కి చూశాను. పైన ఎవరూ లేరు. ఎండ, ఒక కాకి.

మర్నాడూ అంతే. పది నలభైకి "టప్". రోజుకి ఒకటే, ఐదు నిమిషాలు అటూ ఇటూ. కానీ ఆ ఒక్కదానికి మా ప్రాంతీయాధికారి కులశేఖరరావుగారి కాఫీ రోజూ ఫైళ్లమీద ఒలికేది.

కులశేఖరరావుగారి గురించి ఒక్కమాట చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు, లంచం ముట్టడు, కసరడు. కాని నియమం అన్నమాట వినిపిస్తే ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇంట్లో అన్నం తింటూ "పైన ఉదహరించిన కూర మరికొంత" అని అడుగుతారని ఎర్రిస్వామి చెబుతాడు. వాడు వడ్డించడానికి వెళ్లినప్పుడు విన్నాడట.

కప్పు బిగించినవాళ్లకి ఉత్తరం రాశాం. వాళ్ల హామీపత్రంలో కారడం, తుప్పుపట్టడం, గాలికి ఎగిరిపోవడం ఉన్నాయి. శబ్దం లేదు. అయినా పాపం ఒక ఇంజనీరుని పంపారు. ఆయన మబ్బుపట్టిన సాయంత్రం నాలుగింటికి వచ్చి, తలెత్తి కప్పుకేసి పావుగంట చూసి, రాసిచ్చిన నివేదికలో ఒకటే వాక్యం ఉంది: 'కప్పును ప్రత్యక్షముగా తనిఖీ చేయడమైనది. ఎట్టి శబ్దమూ కనబడలేదు.'

మళ్లీ రాశాం. ఈసారి పైనుంచి జవాబొచ్చింది. మరమ్మతు కోరే వస్తువు స్టాకు రిజిస్టరులో ఏ పేజీలో, ఏ వరుసలో ఉందో తెలపాలన్నారు.

కులశేఖరరావుగారు నన్ను పిలిచారు. "సింహాచలంగారూ, మనం మరమ్మతు కోరుతున్నది దేనికి?"

"కప్పుకి సార్."

"కప్పు భవనముల శాఖవారిది. మన స్టాకులో లేదు. మన ఆవరణలో, మన అధీనంలో, మన పనివేళల్లో ఉత్పన్నమవుతున్నదేది?"

"శబ్దం సార్."

"సదరు శబ్దం మన స్టాకులో ఉన్నదా?"

"లేదు సార్."

"స్టాకులో లేని వస్తువుకి మరమ్మతు కోరామా! ఆడిట్ వారి కంట పడితే మన గతేమిటండీ?" ఆయన నిజంగానే భయపడ్డారు. "తక్షణం స్టాకులోకి తీసుకోండి."

నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే రాశాను. ఆ నవ్వుకి తర్వాత ఎంత ఏడ్చానో మీకే తెలుస్తుంది. పేజీ రెండొందల పద్నాలుగు, వరుస తొమ్మిది. వస్తువు పేరు: శబ్దం, పైకప్పు. సంఖ్య: ఒకటి. ఎక్కడినుంచి అందినది: పైనుంచి. స్థితి: పనిచేయుచున్నది. బాధ్యులు: పే. సింహాచలం. బాధ్యుణ్ణి నేనే ఎందుకయ్యానంటే, అది నా బల్లమీద పడుతోంది కనుక.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. ఒకనాడు ఫోన్లో పాపతో మాట్లాడుతుంటే మధ్యలో "టప్" మంది. హైమ బడికి వెళ్లింది, ఫోను మా అత్తగారు పట్టుకుంది. అవతల పాప ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వింది. నాతో ఫోన్లో అది అలా నవ్వడం అదే మొదటిసారి. అంతకుముందు నేనెంత పలకరించినా ఊ, ఆ అని పారిపోయేది. ఆ మర్నాటినుంచి పది ముప్పై ఐదుకల్లా అత్తగారు ఫోను చేసేది. "బాబూ, అయిపోనాదేటి? పాప గోల పెట్టేస్తంది" అనేది. చప్పుడు వినిపించాక పాప నవ్వి, నాతో రెండు నిమిషాలు కబుర్లు చెప్పేది. వీధిలో పిల్లలందరికీ ఒట్టి నాన్నలు ఉన్నారు. మా పాపకి 'టప్ నాన్న'.

ఇక్కడ ఆఫీసులో శబ్దం పెరిగి పెద్దదయింది. చప్పుడు పెరగలేదు, దాని హోదా పెరిగింది. శబ్దాన్ని ఆపడానికి నిధులు లేవు కనుక వినేవాళ్లని మార్చాలని పైవాళ్లు నిర్ణయించారు. 'సానుకూల శ్రవణం' మీద శిక్షణ ఇవ్వడానికి నగరం నుంచి ఒకాయన వచ్చాడు. అందరినీ కళ్లు మూసుకోమని, "శబ్దం మీ శత్రువు కాదు. అది మిమ్మల్ని పిలుస్తోంది" అన్నాడు.

"పిలిస్తే పోవల్లనా సార్? యాడికి?" అని ఎర్రిస్వామి కళ్లు మూసుకునే అడిగాడు.

ఆయన జవాబు చెప్పబోతుండగా పది నలభై అయింది. మేమెవరం కదల్లేదు, మాకు అలవాటే. కుర్చీలోంచి పడింది ఆ శిక్షకుడొక్కడే. నీళ్లు తాగించి, మాకందరికీ ఆయన చేతే ధ్రువపత్రాలు ఇప్పించి పంపాం.

తర్వాత వేలిముద్రల హాజరు యంత్రం పాడైంది. బాగుచేయించడానికి రాసిన కాగితం ఎటు పోయిందో పోయింది. కులశేఖరరావుగారికి ఒక మెరుపు మెరిసింది. 'శబ్దమునకు పూర్వము వచ్చినవారు హాజరు, తదుపరి వచ్చినవారు ఆలస్యము' అని ఉత్తర్వు ఇచ్చేశారు. నిజం చెప్పొద్దూ, అది బాగానే నడిచింది. పదిగంటలకి రావలసినవాళ్లు పదిన్నరకైనా పరుగులు పెట్టి వచ్చేవాళ్లు. మబ్బు పట్టిన రోజు మాత్రం శబ్దం రాదు. శబ్దం రాని రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చినా ఆలస్యం కాదు. మా వాళ్లు పొద్దున లేచి వాన కోసం దండం పెట్టుకునేవారు. కరువు సీమలో అది రైతులకోసమని జనం పొరపడి మెచ్చుకున్నారు.

ఈ సంగతి పేపర్లో పడింది. 'సహజ సమయపాలన' అని శీర్షిక. వారం తిరక్కుండా పక్క జిల్లాల ఆఫీసులనుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. 'మా కార్యాలయమునకు కూడా ఒక శబ్దము మంజూరు చేయించగలరు' అని. మేం వాళ్లకి శబ్దం పంపలేదు. శబ్దం కోరు ఫారం అచ్చువేయించి పంపాం.

మే పన్నెండో తేదీన నా బదిలీ ఉత్తర్వు వచ్చింది.

హైమ ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో పోస్టింగు. కాగితం రెండుసార్లు చదివి, మూడోసారి చదవబోతే అక్షరాలు కనబడలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, స్టోరు గదిలోకి వెళ్లి ఏడ్చాను. అడుగున ఒక గీత ఉంది: 'మే 31 లోగా చేరనిచో ఈ ఉత్తర్వు రద్దగును.' ఇంకా పంతొమ్మిది రోజులుంది కదా అనుకున్నాను.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలిగా. ఉన్న ఆఫీసు మనల్ని విడుదల చేస్తే తప్ప కొత్త ఆఫీసులో చేరడానికి లేదు. కులశేఖరరావుగారు నన్ను కూర్చోబెట్టి, ఎంతో ఆప్యాయంగా, కుదరదన్నారు.

"మీ స్థానంలోకి ఎవరూ ఇంకా రాలేదు. పైగా శబ్దం తాలూకు ఫిర్యాదు ఫైలు మీ పేర పెండింగులో ఉన్నది. ఫైలు మూయనిదే మిమ్మల్ని విడుదల చేస్తే నేను నియమాన్ని ఉల్లంఘించినవాణ్ణవుతాను. మీరు నాకా మచ్చ తెస్తారా సింహాచలంగారూ?"

"ఫైలు ఎప్పుడు మూసుకుంటుంది సార్?"

"శబ్దం ఆగిననాడు."

సరే, ఆపేద్దాం అనుకున్నాను. ఆఫీసు ఎదురుగా టీ కొట్టు ఉంది. ఆ కొట్టు మీద రేకు బిగిస్తూ దస్తగిరి కనిపించాడు. యాభై ఏళ్లుంటాయి, ఊళ్లో సగం షెడ్లు అతను వేసినవే. నేను టీ తాగుతుండగా ఆఫీసులోంచి "టప్" వినబడింది. దస్తగిరి స్క్రూ బిగించడం ఆపి పళ్లు నూరాడు.

"ఆ శబ్దమేనా సార్ మీరు పేపర్లో యేసుకున్నేది? ఇంటాంటే నాకు ఒళ్లు మండుతాది."

"ఎందుకొస్తుందో నీకు తెలుసా?"

"తెలియకేం. రేపు వస్తా ఉండు."

మర్నాడు ఒక పొడుగాటి కర్రతో వచ్చాడు. కర్ర ఒక కొస కప్పు కింది ఇనప దూలానికి ఆనించి, రెండో కొసకి చెవి పెట్టాడు. ఒక్కొక్క దూలం దగ్గరా అంతే, డాక్టరు రోగిని చూసినట్టు. పది నలభైకి నా తలమీది మూడో దూలం దగ్గర ఉన్నాడు. "టప్" అనగానే సుద్దముక్కతో అక్కడ సున్నా చుట్టి, పైకెక్కి చూసి దిగాడు.

"ఎండ తగిల్తే రేకు పెరుగుతాది సార్. ఎంతో కాదు, ఇదో, ఈ గోరంత. పెరిగేదానికి జాగా ఇయ్యల్ల. నీ కప్పు బిగించినోళ్లు ఈ కొసా ఆ కొసా యమబిగువుగా బిగించి పారేసినారు. వాషర్లు అప్పడాల మాదిరి అణిగిపోయినాయి. అది పొద్దన్నుంచి ఓర్చుకోని, ఓర్చుకోని, ఇంగ తట్టుకోలేక ఒక్కసారి జరుగుతాది. అదే నీ టప్."

"మరి రోజూ పది నలభైకే ఎందుకు?"

దస్తగిరి కిటికీలోంచి పక్కనున్న నీళ్ల ట్యాంకు చూపించాడు. "దాని నీడ పడినంతసేపు రేకు సల్లగుంటాది. నీడ పక్కకి పోతానే ఎండ తగుల్తాది. అంతే సార్. దీనికి పేపరోళ్లు ఏమిటికి, శిక్షణ ఏమిటికి?"

మూడు నెలలుగా ఇంజనీరు, పైవాళ్లు, శిక్షకుడు చెప్పలేనిది అతను ఒక కర్రతో చెప్పేశాడు. నాకెందుకో ఆ రేకు మీద జాలేసింది. అటూ ఇటూ బిగించేసి, జరగడానికి గోరంత చోటివ్వకపోతే ఎవరైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటారు?

ఆదివారం పొద్దున్నే వచ్చి పని మొదలెట్టాడు. పై కొస అలాగే ఉంచి, కింది కొస కన్నాలు కొంచెం పెద్దవి చేసి, వెడల్పు వాషర్లు వేసి, రేకుకీ దూలానికీ మధ్య రబ్బరు పట్టీ దూర్చి, ఒక్కొక్క స్క్రూ అర చుట్టు వదులుచేశాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఊళ్లో రేకుల పని పేరు చెడగొడతాండాది సార్ అది. నా చెవుల కోసం చేసినా" అన్నాడు.

సోమవారం పది నలభై అయింది. పది నలభై ఐదయింది. పదకొండయింది. ఆఫీసంతా తలలెత్తి కప్పుకేసి చూస్తోంది. ఏమీ లేదు. నేను ముసిముసిగా నవ్వుకుంటూ 'శబ్దం ఆగినది కనుక ఫైలు మూయవచ్చును' అని నోటు రాసి లోపలికి తీసుకెళ్లాను.

లోపల కులశేఖరరావుగారి ఎదుట ఒక కొత్తాయన కూర్చుని ఉన్నాడు. "వీరు భీమేశ్వరంగారు. మీ స్థానంలో ఈ ఉదయమే చేరారు. చార్జి అప్పగించి మీరు నిక్షేపంగా వెళ్లవచ్చు" అన్నారు.

నా గుండె పొంగింది. అప్పుడే చార్జి జాబితా బల్లమీద పెట్టాను. బల్ల ఒకటి, కుర్చీ ఒకటి, ఇనప బీరువాలు రెండు, గుండుసూదుల డబ్బా ఒకటి. కులశేఖరరావుగారు ఒక్కొక్కటి టిక్కు పెడుతూ వచ్చి తొమ్మిదో వరుస దగ్గర ఆగారు.

"శబ్దం ఒకటి. ఎక్కడున్నది?"

"ఆగిపోయింది సార్. ఫైలు మూసేయొచ్చు."

ఆయన కలం కింద పెట్టారు. "ఆగిపోవడమేమిటి? స్టాకులో ఉన్నది. మీ బాధ్యతలో ఉన్నది. ఇది ఉంటే భీమేశ్వరంగారికి అప్పగించి వెళ్లిపోయేవారు. లేని వస్తువుని ఎలా అప్పగిస్తారు?"

"ఆగితే గాని వెళ్లనివ్వనని మీరే అన్నారు కదా సార్!"

"అన్నాను. అప్పుడు వీరు రాలేదు, కనుక ఫైలు మూయడం మార్గం. ఇప్పుడు వచ్చారు, కనుక అప్పగించడం మార్గం. రెండూ నియమాలే. మీరు తొందరపడ్డారు."

"పోనీ రద్దు చేయించండి సార్."

"తప్పకుండా. రద్దు సంఘంవారు వచ్చి, వస్తువును స్వయంగా పరిశీలించి, పనికిరాదని తేల్చాలి."

"లేనిదాన్ని ఎలా పరిశీలిస్తారు సార్?"

"అదే నేనూ అడుగుతున్నాను" అన్నారు కులశేఖరరావుగారు, ఎంతో బాధగా.

మధ్యాహ్నానికి మెమో ఇచ్చారు. నా అధీనంలో ఉండిన ప్రభుత్వ శబ్దము ఒకటి అదృశ్యమైనందుకు నాపై చర్య ఎందుకు తీసుకోరాదో చెప్పమన్నారు. పైగా, మబ్బు రోజైతే మినహాయింపు గాని, ఎండ కాస్తుండగా శబ్దం రాలేదు కనుక ఆ రోజు ఎవరూ హాజరు కాలేదట. ఆఫీసులో ఇరవైరెండుమంది కూర్చుని ఉండగా రిజిస్టరు ప్రకారం ఆఫీసు ఖాళీ. అందరూ నన్ను కొరకొరా చూశారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

మర్నాడు హైమ ఫోన్ చేసింది. వేసవి సెలవులు, ఇంట్లోనే ఉంది.

"ఏటండీ, బయల్దేరతన్నారా? గురువారం రైలెక్కితేనే శనివారం ముప్పై ఒకటికి డూటీలో చేరతారు."

"శబ్దం పోయింది హైమా."

"పోతే పోనీండి, పీడా పోనాది!"

"పోతే నేను రావడానికి లేదు."

"మీ ఆఫీసోలు మనుషులేనేటండీ? పాప రోజూ చెప్పులేసుకుని గుమ్మం కాడ కూకుంటంది. ఆటో చప్పుడైతే చాలు, లెగిసి నిలబడతంది. దానికేటి చెప్పమంటారు?" అని హైమ ఫోను పాపకిచ్చింది.

"నాన్నా, టప్ అనమను" అంది పాప. సమయం పది నలభై. నేను కప్పుకేసి చూశాను. కప్పు హాయిగా, నిశ్శబ్దంగా ఉంది. పాప కొంచెంసేపు విని, "అమ్మా, ఫోను పాడైపోయింది" అని ఫోను కింద పెట్టేసి వెళ్లిపోయింది. ఒక్కసారి ఆ రేకుని కౌగిలించుకుని ఏడవాలనిపించింది.

సాయంత్రం దస్తగిరి ఇంటికి వెళ్లాను. విషయం చెప్పాను. అతను నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"బాగుచేసినదాన్ని చెడగొట్టమంటావా సార్? ముప్పై ఏండ్లయింది ఈ పని పట్టి. చెడగొట్టమని అడిగినోడు ఒక్కడు లేడు."

ఫోన్లో పాప ఫొటో చూపించాను. చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చున్న ఫొటో, ఆ పొద్దునే హైమ పంపింది. దస్తగిరి చాలాసేపు చూశాడు. ఎడమకాలి చెప్పు కుడికాలికి వేసుకుని ఉంది.

"నీ ఆపీసు నాశనంగాను" అన్నాడు నెమ్మదిగా. "నాలుగు స్క్రూలు. అంతే. మొత్తం చెడగొట్టను."

బుధవారం సాయంత్రం ఆఫీసు వదిలాక నా బల్లమీది పలకకి కింది కొసన నాలుగు స్క్రూలు ప్రాణం పోయేలా బిగించాడు. బిగిస్తున్నంతసేపూ మొహం పక్కకి తిప్పుకునే ఉన్నాడు. అయ్యాక ఆ స్పానరు నా చేతిలో పడేసి వెళ్లిపోయాడు.

గురువారం. రెండింటికి నా రైలు. పదింటికల్లా నా బల్ల చుట్టూ అందరూ నిలబడ్డారు. కులశేఖరరావుగారు జాబితా పట్టుకున్నారు. భీమేశ్వరం కలం విప్పాడు. పది ముప్పైకి ఎర్రిస్వామి పరిగెత్తుకొచ్చాడు.

"సార్, మబ్బు పట్టింది!"

ఇన్నాళ్లుగా మా వాళ్లు పెట్టుకున్న దండాలన్నీ ఆ రోజే ఫలించినట్టున్నాయి. పది నలభై వచ్చింది, పోయింది. పదకొండు. పదకొండున్నర. కులశేఖరరావుగారు మాటిమాటికీ గడియారం చూస్తూ, "పన్నెండు తర్వాత నాకు సమావేశమున్నది. అంతలోగా వస్తువును చూపలేకపోతే కొరత కింద నమోదు చేయక తప్పదు. మీరంటే నాకెంతో గౌరవం" అన్నారు. ఎర్రిస్వామి వాకిట్లో నిలబడి ఆకాశానికేసి బూతులు తిడుతున్నాడు. వాన రావాలని అందరికంటే గట్టిగా మొక్కుకున్నవాడు వాడే.

పన్నెండుకి పది నిమిషాలుందనగా వాడు కేక పెట్టాడు. "వస్తాంది సార్, ఎండ వస్తాంది! ట్యాంకు మీద పడింది!"

కిటికీ గడప మీదికి ఎండ పాకింది. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక నిమిషం. రెండు. ఐదు.

"టప్!"

భీమేశ్వరం కుర్చీలోంచి జానెడు ఎగిరి, "అయ్‌బాబోయ్, ఏంటండీ బాబూ ఇదీ!" అన్నాడు. ఇరవైరెండుమంది చప్పట్లు కొట్టారు. కులశేఖరరావుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒకటే వచ్చింది. స్టాకులో ఉన్నదీ ఒకటే. సరిపోయింది" అని టిక్కు పెట్టారు. భీమేశ్వరం రాశాడు: 'శబ్దం ఒకటి, పనిచేయు స్థితిలో, అందినది.' నా విడుదల కాగితం నా చేతికొచ్చింది.

సంచీ సర్దుకుంటుంటే భీమేశ్వరం నా వెనకాలే వచ్చాడు. "ఏవండీ, ఇది రోజూ ఇంతేనాండీ? మాది నరసాపురం దగ్గరండి. మా ఆవిడ అక్కడ బ్యాంకులో చేస్తుందండి. నాదీ బదిలీ అర్జీ పైన ఉందండి" అన్నాడు దీనంగా.

దస్తగిరి ఇచ్చిన స్పానరు సంచీలోంచి తీసి అతని చేతిలో పెట్టాను. "ఇది జాబితాలో లేదు. ఎవరికీ చెప్పకండి. మీ తలమీద నాలుగు స్క్రూలున్నాయి. ఎడమకి అర చుట్టు తిప్పితే సుఖంగా పనిచేసుకుంటారు. హాజరు తంటా వస్తే బల్లమీద స్కేలుతో కొట్టండి, ఎవరూ కనిపెట్టరు. మీ బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున మాత్రం మళ్లీ కుడికి తిప్పండి."

రెండు రైళ్లు, ఒక బస్సు, ఒక ఆటో. శుక్రవారం సాయంత్రం ఇంటి ముందు దిగాను. గుమ్మంలో పాప లేచి నిలబడింది, ఎప్పటిలాగే చెప్పులు తారుమారు. నన్ను చూసి అత్తగారి కుచ్చిళ్ల వెనక్కి పోయింది.

"ఎవలే అమ్మా? నాన్న కాదేటి?" అంది అత్తగారు.

పాప తల అడ్డంగా ఊపింది. "కాదు. నాన్నయితే టప్ అంటాడు."

హైమ నాకేసి చూసింది. నేనేం చెప్పను? ఆ శబ్దాన్ని ఇరవైరెండుమంది ఎదుట, రెండు సంతకాలతో, వెయ్యి కిలోమీటర్ల అవతల అప్పగించేసి వచ్చాను. సంచీ కింద పెట్టి, వాకిట్లో మోకాళ్లమీద కూర్చున్నాను. నాలుక అంగిట్లోకి గట్టిగా నొక్కిపెట్టి, ఇంకా నొక్కి, ఒక్కసారి వదిలాను.

"టప్."

పాప చీర పక్కనుంచి తొంగిచూసింది. ఒక అడుగు ముందుకేసింది. "మళ్లీ" అంది.

మళ్లీ అన్నాను. అది నవ్వుతూ వచ్చి నా మెడ పట్టుకుంది. ఆ పూట అన్నాలు తినేలోపు ఇంకెన్నిసార్లు అన్నానో నాకే తెలీదు. ఎక్కడా రాసిపెట్టలేదు.